ఇరవై మూడో నంబరు రాని రోజులు

బస్సులు ఆగిపోయిన పదకొండో రోజు పొద్దున, పాల ప్యాకెట్టు కోసం వీధి చివరి కొట్టుకి వెళ్ళి “అర లీటరు ఇవ్వండి” అనబోతే కండక్టరమ్మకి మాట పెగల్లేదు. గాలి మాత్రం వచ్చింది. కొట్టాయన తలెత్తి చూశాడు. ఆమె గొంతు సవరించుకుని మళ్ళీ ప్రయత్నించి, చివరికి వేలితో చూపించి పాలు తెచ్చుకుంది. ఇంటికొచ్చి తలుపు వేసుకున్నాక ఆలోచిస్తే తెలిసింది, మూడు రోజులుగా తను ఎవరితోనూ ఒక్క మాటైనా మాట్లాడలేదని.

ఇరవై రెండేళ్ళుగా మాటే ఆమె పని. పొద్దున ఐదింటికి డిపోలో బస్సెక్కితే మధ్యాహ్నం దిగేదాకా నోటికి విరామం ఉండేది కాదు. “ముందుకు జరగండి, ముందుకు”, “దిగేవాళ్ళు ముందే లేచి నిలబడండి”, “ఆ పెద్దాయనకి సీటివ్వు నాయనా, నీ కాళ్ళేం అరిగిపోవు”. ఇరవై మూడో నంబరు బస్సులో వెనక తలుపు దగ్గర మొదలైన ఆమె గొంతు తిన్నగా వెళ్ళి డ్రైవరు చెవిలో దిగేది. డిపోలో ఆమెకి ‘మైకు’ అని పేరు పెట్టారు. ఎదురుగా ఎవరూ అనరు గానీ ఆమెకి తెలుసు. తెలిసి లోలోపల కాస్త మురిసిపోయేది కూడా.

ఇంట్లో ఆ గొంతుకి పనిలేదు. పెళ్ళయిన నాలుగో ఏటే భర్త జబ్బు చేసి పోయాడు. పిల్లల్లేరు. అన్నయ్య ఉన్నాడు, ఏడాదికి రెండు ఫోన్లు. మేడ మీద ఒంటి గది, ఒక మంచం, ఒక స్టవ్వు, గోడకి మేకు, మేకుకి ఖాకీ చొక్కా. డ్యూటీ దిగి వచ్చాక ఆ గదిలోని నిశ్శబ్దం ఆమెకి చల్లటి నీళ్ళతో కాళ్ళు కడుక్కున్నట్టు హాయిగా ఉండేది. ఇప్పుడు డ్యూటీ లేదు, నిశ్శబ్దం ఒక్కటే మిగిలింది. అది హాయిగా లేదు.

సమ్మెకి ఓటేసిన వాళ్ళలో ఆమె కూడా ఉంది. చెయ్యెత్తమంటే మొదటి వరసలో ఎత్తింది. రెండు నెలల కిందట వాళ్ళ డిపో డ్రైవరొకడు వరసగా పదహారు గంటలు బండి నడిపి, చివరి ట్రిప్పులో స్టీరింగు మీద అలాగే వాలిపోయాడు. బస్సు మెల్లగా వెళ్ళి ఒక గోడని తాకి ఆగింది కాబట్టి ప్రయాణికులు బతికారు. డ్రైవరు బతకలేదు. ‘డ్యూటీ మీద డ్యూటీ వెయ్యొద్దు, బ్రేకులు పట్టని పాత బళ్ళు రోడ్డు మీదికి పంపొద్దు’ అని మొదలైంది సమ్మె.

మొదటి వారం బాగానే గడిచింది. డిపో గేటు ముందు టెంటు, చాపలు, పాటలు. నినాదాలు ఇవ్వడానికి మైకు పాడైతే, అందరూ ఆమె వంక చూసి నవ్వారు. ఆమె లేచి నిలబడి రోజుకి ఆరు గంటలు అరిచింది. నాలుగు రోజులకి గొంతు పూర్తిగా పోయింది. ఎనిమిదో రోజు పొద్దున పోలీసులొచ్చి టెంటు పీకేశారు. గుంపుగా కూడకూడదన్నారు. “ఎవరిళ్ళలో వాళ్ళు ఉండండి, కబురు చేస్తాం” అన్నాడు సంఘం కార్యదర్శి. అందరూ ఇళ్ళకి వెళ్ళారు. అందరికీ ఇళ్ళల్లో మనుషులున్నారు.

పన్నెండో రోజు శుక్రవారం. అలవాటు ప్రకారం నాలుగింటికే మెలకువ వచ్చింది. లేచి ఏం చెయ్యాలో తెలియక తుడిచిన గదినే మళ్ళీ తుడిచింది. వెలుతురు రాగానే చెప్పులేసుకుని బయటపడింది. ఎక్కడికని అనుకోలేదు గానీ, కాళ్ళు వాటంతట అవే ఇరవై మూడో నంబరు దారి పట్టాయి. డిపో, పిండిమర, రైల్వే గేటు, పాత సినిమా హాలు. బస్సులోంచి ఇరవై రెండేళ్ళు చూసిన దారే అయినా నేల మీద నుంచి చూస్తే వేరే ఊరిలా ఉంది. రోడ్డు నిండా మనుషులు నడుస్తున్నారు. ఆఫీసు బట్టల్లో, బ్యాగులు భుజాన వేసుకుని, ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా. ఆటోల్లో మనుషులు మూటల్లా వేలాడుతున్నారు. వాళ్ళలో సగం మంది ఆమెకి తెలుసు. లెక్కల మాస్టారు ఎదురొచ్చాడు. రోజూ ఏడూ పదికి ఎక్కి, దిగేదాకా పిల్లల పేపర్లు దిద్దుకునే మనిషి. ఆమె నవ్వింది. ఆయన తనని కాదేమో అనుకుని వెనక్కి తిరిగి చూసి, ముందుకి వెళ్ళిపోయాడు. తను మనసులో పూలగొడుగు అమ్మాయని పిలుచుకునే పిల్ల వచ్చింది, అదీ అంతే. ఖాకీ చొక్కా, భుజాన సంచీ, చేతిలో టిక్కెట్ల మిషను లేకపోతే తన ముఖం ఎవరికీ గుర్తు లేదని ఆమెకి అప్పుడు అర్థమైంది.

నీళ్ళ ట్యాంకు స్టాపు దగ్గర బల్ల మీద స్వెట్టరమ్మ కూర్చుని ఉంది.

ఆ పేరూ కండక్టరమ్మ పెట్టుకున్నదే. అరవై దాటిన మనిషి. ఎప్పుడు చూసినా ఒళ్ళో ఉన్ని ఉండ, చేతిలో రెండు సూదులు. సోమ, బుధ, శుక్రవారాల్లో ఏడున్నరకి ఎక్కి, ఐదు స్టాపుల అవతల పెద్దాసుపత్రిలో దిగుతుంది. కిడ్నీలు పనిచెయ్యవు. వారానికి మూడుసార్లు మిషను మీద నాలుగేసి గంటలు పడుకుని రక్తం శుభ్రం చేయించుకోవాలి. ఈ సంగతి కండక్టరమ్మకి తెలిసి నాలుగేళ్ళయింది. అప్పటినుంచీ ఆ మూడు రోజులూ ఎంత రద్దీలోనైనా ముందు సీటు ఆవిడ కోసం ఆపేది. ఇల్లెక్కడో తెలియదు, ఇంట్లో ఎవరున్నారో తెలియదు. ఏ మోకాలు నొప్పో మాత్రం తెలుసు.

ఆవిడ ముఖం ఉబ్బి ఉంది. చెప్పుల పట్టీలు పాదాల్లోకి దిగిపోయాయి.

“ఇక్కడ కూర్చున్నారేంటమ్మా? బస్సులు లేవుగా” అంది కండక్టరమ్మ. గొంతు బొంగురుగా, తనదే కానట్టు వచ్చింది.

“తెలుసమ్మా. బస్సు కోసం కాదు, ఊపిరి కోసం కూర్చున్నా” అంది స్వెట్టరమ్మ, కళ్ళు చికిలించి చూస్తూ. ఆవిడకి చూపు కూడా అంతంతమాత్రమే. “మొన్నటిదాకా పక్కింటబ్బాయి బండి మీద దింపాడు. ఇవాళ వాడికి కుదర్లేదు. ఆటోవాణ్ణి రేటడిగితే ఆకాశం చూపించాడు. అందుకని పదకొండో నంబరు ఎక్కా” అని రెండు కాళ్ళూ తట్టి చూపించింది.

“నేనూ అటే వెళ్తున్నా, రండి” అంది కండక్టరమ్మ.

చెయ్యి పట్టుకోబోతే ఆవిడ గభాల్న వెనక్కి లాక్కుంది. “అది కాదమ్మా, ఇది పట్టుకో. అది మిషను సూదులు గుచ్చే చెయ్యి.”

ఐదు స్టాపులు, బస్సులో పన్నెండు నిమిషాలు. నడిస్తే గంటన్నర పట్టింది. వంద అడుగులు నడవడం, ఏదో ఒక అరుగు చూసి కూర్చోవడం. దారిలో ఆవిడకి దాహమేసింది. సీసా మూతలోకి నీళ్ళు వంచుకుని, లెక్కగా రెండు మూతలు తాగి మళ్ళీ మూత బిగించింది. ఎక్కువ తాగితే ఆ నీళ్ళు పోయే దారి లేదట.

“నువ్వేం చేస్తావమ్మా?” అని అడిగింది, సెలూను అరుగు మీద కూర్చున్నప్పుడు.

కండక్టరమ్మ నోరు తెరిచింది. అప్పటికే ఆవిడ ఆ అరుగుకి ముందు అరుగు మీద బస్సులవాళ్ళని దుమ్మెత్తి పోసి ఉంది. ‘వాళ్ళకేం, చక్కగా చాపలేసుక్కూర్చుని పాటలు పాడుతున్నారు, మన ప్రాణాలు పోతే వాళ్ళ సొమ్మేం పోయింది’ అని.

“బట్టలు కుడతానండీ” అంది కండక్టరమ్మ.

“ఏదీ, చూడనీ” అని ఆవిడ ఆమె కుడిచెయ్యి లాక్కుని బొటనవేలు తడిమింది. “కాయ కాసిందే ఇక్కడ!”

“కత్తెర పట్టీ పట్టీ.”

“అంతేలే. పనంటే అలాగే ఉంటుంది” అంది ఆవిడ మెచ్చుకోలుగా. ఇరవై రెండేళ్ళు టిక్కెట్లు చించిన బొటనవేలు అది.

ఆసుపత్రి మెట్ల దగ్గర ఆవిడని దింపితే, “తిరుగు ప్రయాణానికి వాళ్ళ వ్యాను ఉంది, బాధ లేదు. పొద్దున పూటే దూరం వాళ్ళని తేవడానికి పోతుంది” అంది. తర్వాత కాస్త ఆగి, “నీకు వీలైతే ఒక పని చేసి పెడతావా తల్లీ? మిషను మీద పడుకున్నప్పుడు చెయ్యి కింద చిన్న దిండు పెట్టుకుంటా. దాని గలీబు చిరిగి పీలికలైంది. కొలత చెబుతా, ఒకటి కుట్టిపెట్టు” అంది. కొలతతో పాటు ఇంటి గుర్తులూ చెప్పింది.

ఆ శని, ఆదివారాలు కండక్టరమ్మకి ఎలా గడిచాయో తెలియలేదు. ఇంట్లో కుట్టుమిషను లేదు, కనీసం మంచి సూది కూడా లేదు. పాత దుప్పట్లో బాగున్న ముక్క కత్తిరించి, కిటికీ దగ్గర కూర్చుని చేత్తో కుట్టింది. వంకరపోతే విప్పింది, మళ్ళీ కుట్టింది. వేలికి గుచ్చుకుంటే “అబ్బా” అంది. గదిలో తన గొంతు విని తనే ఉలిక్కిపడింది. తర్వాత అదేదో బాగుందనిపించి, దారం ఎక్కించేటప్పుడల్లా పైకే మాట్లాడుకుంది.

సోమవారం ఆరున్నరకే నీళ్ళ ట్యాంకు పక్కనున్న సందులో ఆవిడ ఇంటి ముందు నిలబడింది. ఇల్లంటే ముందొక గది, వెనకొక వంటగది. ఒక్కతే ఉంటుంది. సందుకి ఆ చివర ఒక నల్లా, గోడకి ఆనించి ఒక సైకిలు. స్వెట్టరమ్మ గలీబు తిప్పి తిప్పి చూసింది.

“చేత్తో కుట్టావేం? మిషను లేదా?”

“రిపేరులో ఉందండీ.”

“దానికీ సమ్మేనా?” అంది ఆవిడ. ఇద్దరూ నవ్వారు. కండక్టరమ్మ అవసరమైన దానికంటే కాస్త ఎక్కువసేపే నవ్వింది.

ఆ రోజు దారిలో ఉండబట్టలేక, ఎవరో చెప్పగా విన్నట్టు, స్టీరింగు మీద వాలిపోయిన డ్రైవరు సంగతి చెప్పింది. పదహారు గంటలు, గోడ, అతని సీటు పక్కన చల్లారిపోయిన అన్నం పొట్లం. స్వెట్టరమ్మ నడక ఆపి విన్నది.

“అయ్యో! అన్నం తినకుండానే?”

“తినడానికి టైం ఇవ్వలేదట.”

“పేపర్లో ఇదేం రాయలేదే. జీతాల కోసమనే రాశారు.” ఆవిడ మళ్ళీ నడక మొదలుపెట్టింది. తర్వాత అంది, “పాపమే. కాదనను. అయినా మధ్యలో నేనేం చేశానమ్మా?”

 టెంటులో ఉన్నప్పుడు అన్ని ప్రశ్నలకీ జవాబులుండేవి. కార్యదర్శి ఒక కాగితం మీద రాసి కూడా ఇచ్చాడు. ఈ ఒక్కటీ అందులో లేదు.

బుధవారం ఇంకో మాట విన్నది. పోస్టాఫీసు అరుగు మీద కూర్చుని, ఎప్పుడూ లేనిది ఆవిడే ఎత్తింది ఆ సంగతి. “ఆ ఇరవై మూడులో ఒక కండక్టరుండేది. అబ్బో, దాని నోరు! చెవుల్లో దూది పెట్టుకోవాలి. అయితే మంచిది. నాకు ముందు సీటు ఆపేది. నేనెక్కి కూర్చునేదాకా బండి కదలనిచ్చేది కాదు. ఇప్పుడు అదీ టెంటులో కూర్చుని అరుస్తుంటుంది. నేనొకదాన్ని ఉన్నానని దానికి గుర్తు కూడా ఉండదు.”

“ఉంటుందేమోలెండి” అంది కండక్టరమ్మ నేల చూస్తూ.

“ఉంటే ఒక్కసారైనా వచ్చి చూడదూ?”

చెప్పేయాల్సింది అప్పుడే. మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ చెబితే ఈ నడక ఉండదు, ఈ అరుగులుండవు, మళ్ళీ ఆ గదీ ఆ మేకూ. ‘శుక్రవారం చెబుదాం’ అనుకుంది. అనుకుని, ఆవిడని లేవదీసింది.

గురువారం సాయంత్రం ఎవరో తలుపు తట్టారు. ఆ తలుపు తట్టేవాళ్ళెవరూ లేరు కాబట్టి ఆమె మొదట కదల్లేదు. తీస్తే, తన డ్రైవరు. ఏడేళ్ళుగా ఒకే బండి మీద పనిచేశారు. అతను ముందు, తను వెనక, మధ్యలో గంట తాడు. అంత దగ్గర మనిషి ఆమె గది గుమ్మంలో నిలబడటం అదే మొదటిసారి. గడ్డం మాసిపోయి ఉంది.

“లోపలికి రా అన్నా.”

“వద్దు చెల్లెమ్మా, ఇక్కడే చెప్పేసి వెళ్ళిపోతా.” అయినా వచ్చాడు, మంచం అంచున కూర్చున్నాడు. ఆమె టీ పెట్టి ఇచ్చింది. గ్లాసు రెండు చేతుల మధ్యా తిప్పుతూ అన్నాడు, “రేపు బండెక్కేస్తున్నా. రాకపోతే పేరు కొట్టేస్తామని ఇంటికి కాగితం పంపారు. మా ఆవిడ ఆ కాగితం చదివి పొయ్యి వెలిగించలేదు. ఇంట్లో ఆరుగురం.”

ఆమె టీ గిన్నె తీసి కడగసాగింది.

“తిట్టు. ఏదో ఒకటి అను.”

“ఏమంటాను? నీకు ఆరుగురు.”

“నువ్వూ వచ్చెయ్యి. మన బండి మనమే తీద్దాం. వేరేవాణ్ణి వెనకాల పెట్టుకుని నడపాలంటే నాకు చేతులాడవు.”

“నాకెవరున్నారన్నా? ఒక్క కడుపు. ఎండినా అడిగేవాడు లేడు, పస్తున్నా ఏడిచేవాడు లేడు. నేను ఉండగలను. ఉండగలిగినవాళ్ళైనా ఉండకపోతే ఎట్లా?” అంది. ఆ మాట అంటున్నప్పుడు గర్వంగానే అనిపించింది. అతను మెట్లు దిగి వెళ్ళిపోయాక, ఖాళీ గ్లాసు కడుగుతుంటే, తను అన్న మాట తనకే ఇంకోలా వినిపించింది.

శుక్రవారం వాళ్ళు బాలికల బడి దాకా వచ్చారు. స్వెట్టరమ్మ ఆ రోజు అసలు నడవలేకపోతోంది. ఇరవై అడుగులకోసారి ఆగుతోంది. పెదాలు పాలిపోయాయి. ఆసుపత్రి ఇంకా రెండు స్టాపులు. అప్పుడు వెనక నుంచి చప్పుడు వినిపించింది. చూడకుండానే కండక్టరమ్మకి తెలిసింది అది ఏ బండో. రెండో గేరులో దగ్గుతుంది అది.

ఇరవై మూడో నంబరు. అద్దాలకి ఇనపజాలీ, ముందొక పోలీసు. చెయ్యెత్తకుండానే వాళ్ళ పక్కన ఆగింది. డ్రైవరు ఆమెని చూశాడు. చూసి, చూపు రోడ్డు మీదికి తిప్పుకున్నాడు.

“బస్సు! బస్సొచ్చిందమ్మా!” స్వెట్టరమ్మ గొంతులో ఏడుపో నవ్వో తెలియలేదు. “పద, పద.”

కండక్టరమ్మ ఆవిడ నడుం చుట్టూ చెయ్యి వేసి మెట్టు మీదికి ఎత్తింది. ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు ఇంకా గాలిలో. లోపల ఎవరో కొత్త కుర్రాడు, మెడలో కొత్త సంచీ, వెనక్కి చూడకుండానే గంట కొట్టాడు. బండి కదిలింది. స్వెట్టరమ్మ చెయ్యి కడ్డీ మీద నుంచి జారింది.

“హోల్డాన్!”

ఆ కేక వీధి చివరిదాకా వినిపించింది. బడి గోడ మీది పావురాలు లేచిపోయాయి. దానితోపాటే ఆమె అరచెయ్యి బండి రేకు మీద రెండుసార్లు ధన్‌ధన్‌మని పడింది. ఏడేళ్ళ అలవాటు మీద డ్రైవరు కాలు బ్రేకు మీదికి వెళ్ళింది. బండి ఠక్కున ఆగింది. కండక్టరమ్మ ఆవిడని పైకి నెట్టి, “లేచి సీటివ్వండి, ముందు సీటు, చూస్తారేం!” అని లోపలి వాళ్ళని కసిరి, ఆవిడ కూర్చునేదాకా కింద నిలబడి చూసింది.

స్వెట్టరమ్మ కిటికీలోంచి చూస్తోంది. ఆ చూపులో ముందు అయోమయం, తర్వాత ఇంకేదో.  తర్వాత ముఖం అటు తిప్పుకుంది.

“ఎక్కు చెల్లెమ్మా” అన్నాడు డ్రైవరు, కిటికీలోంచి, చాలా మెల్లగా.

ఆమె తల అడ్డంగా ఊపింది. ఒక అడుగు వెనక్కి వేసి, “రైట్” అంది.

సోమవారం ఆరున్నరకి వెళ్తే సందులో ఆ తలుపుకి తాళం ఉంది. “బస్సులు ఒకటీ అరా తిరుగుతున్నాయిగా, ముందే వెళ్ళిపోయింది” అన్నది పక్కింటామె. బుధవారం ఇంటిదాకా వెళ్ళలేదు. ట్యాంకుకి ఇవతలే, మూసి ఉన్న ఒక కొట్టు పక్కన నిలబడి చూసింది. ఇరవై మూడు వచ్చింది. డ్రైవరు తన సీట్లోంచి దిగి, ఆవిడకి చెయ్యిచ్చి ఎక్కించి, మళ్ళీ వెళ్ళి కూర్చున్నాడు. అది చూసి ఆమెకి నిశ్చింతగా అనిపించాలి. అనిపించింది కూడా. నిశ్చింత అంత బరువుగా ఉంటుందని మాత్రం తెలియదు.

ఇరవై ఏడో రోజు సమ్మె ముగిసింది. డ్యూటీ మీద డ్యూటీ ఆరు నెలలపాటు ఆపి చూస్తామన్నారు. పాత బళ్ళ సంగతి కమిటీకి అప్పగించారు. కార్యదర్శి దాన్ని గెలుపన్నాడు, అందరూ చప్పట్లు కొట్టారు. చివరిదాకా బయట ఉన్నవాళ్ళందరికీ డ్యూటీ చార్టులో రూట్లు మారాయి. ఎందుకని అడిగితే, పని సౌకర్యం కోసమన్నారు. ఆమెకి నలభై ఒకటో నంబరు పడింది. ఊరికి ఆ కొస, గోదాముల వైపు.

మొదటి రోజు క్యాంటీన్లో తన పాత డ్రైవరు గోడ వైపు తిరిగి ఒక్కడే టీ తాగుతున్నాడు. చుట్టూ నాలుగడుగులు ఖాళీ. ఎవరూ అతనితో మాట్లాడటం లేదు. ఆమె తన గ్లాసు తీసుకెళ్ళి అతని పక్కన నిలబడింది.  తాగడం అయ్యాక అతను రెండు గ్లాసులూ తీసుకెళ్ళి తొట్టిలో వేశాడు.

కొత్త చార్టులో ఆమె వారపు సెలవు బుధవారం. ఆ బుధవారం ఆసుపత్రికి వెళ్ళింది. పొడుగాటి గది, పది మంచాలు, పది మిషన్లు. ప్రతి మంచం పక్కనా ఎర్రటి గొట్టాలు మెల్లగా తిరుగుతున్నాయి. స్వెట్టరమ్మ కిటికీ పక్క మంచం మీద కళ్ళు మూసుకుని ఉంది. ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది.

“వచ్చావా” అంది ఆవిడ, కళ్ళు తెరవకుండానే.

“వచ్చానండీ.”

“ఇప్పుడు గొంతు మామూలుగా ఉందే.”

“నినాదాలిచ్చి అప్పుడు పోయింది.”

 తర్వాత ఆవిడ కళ్ళు తెరిచి కప్పుని చూస్తూ అంది. “నా బస్సు ఆపింది నువ్వే. నా చెయ్యి పట్టుకుని నడిచిందీ నువ్వే. ఏ నిన్ను తిట్టాలో, ఏ నిన్ను దీవించాలో తెలియక నేను నిద్రపోలేదమ్మా.”

“చెప్పాలనే అనుకున్నా. చెబితే రానివ్వరని…”

“రానివ్వకపోదును. నిజమే.” ఆవిడ తల ఇటు తిప్పింది. “ఆ రోజు ఎక్కమన్నాడుగా నీ డ్రైవరు. నేను నీకోసం సీట్లో జరిగి కూర్చున్నా. ఎందుకెక్కలేదు?”

ఆ సంగతి కండక్టరమ్మకి తెలియదు. ముఖం తిప్పుకోవడమే చూసింది గానీ, జరగడం చూడలేదు.

“అప్పటికి మా వాళ్ళు ఇంకా బయటే ఉన్నారండీ.”

“నా కోసమైనా?”

ఎంత ఆలోచించినా ఆమెకి ఒకటే మాట దొరికింది. “మీ కోసం నడిచాను.”

 స్వెట్టరమ్మ కోపం పోయిందో లేదో ముఖం చూస్తే తెలియలేదు. గొట్టాలు లేని చెయ్యి దుప్పటి మీద నుంచి జరిపి, ఆమె బొటనవేలు పట్టుకుని, ఆ కాయ మీద వేలితో నెమ్మదిగా రుద్దింది. “కత్తెరట!” అంది.

చాలాసేపయ్యాక చెప్పింది. సమ్మె రోజుల్లో ఆవిడ నడిచి వెళ్ళిందని ఎవరి ద్వారానో చెల్లెలికి తెలిసిందట. తెలిసి, ఒంటరిగా ఉండటానికి ఇక వీల్లేదని పట్టుబట్టిందట. చెల్లెలి ఇల్లు ఊరవతల కొత్త కాలనీలో. అక్కడే దగ్గర్లో ఈ మిషన్లున్న ఆసుపత్రి కూడా ఉంది. ఇవాళ ఇక్కడ ఆఖరు. సామాను పొద్దునే వెళ్ళిపోయింది.

“మంచిదేనండీ. మనిషి తోడుంటుంది” అంది కండక్టరమ్మ.

“ఉంటుంది. అది మాట్లాడదు, టీవీ చూస్తుంది” అంది ఆవిడ. “అటువైపు నీ బస్సు వస్తుందా?”

“రాదండీ. మాది ఇంకో కొస.”

మిషను ఆగి, సూదులు తీసి, పట్టీ వేసేసరికి చెల్లెలు కారు తీసుకుని వచ్చింది. హడావిడి మనిషి. సంచీలు లెక్కపెట్టుకుంటూ, ఆవిడకి రెండో పక్క చెయ్యి పట్టుకున్న కండక్టరమ్మని చూసి, “ఎవరక్కా ఈమె?” అని అడిగింది.

“మా కండక్టరు” అంది స్వెట్టరమ్మ.

చెల్లెలు అర్థం కానట్టు చూసి, సరేనని తలూపి, కారు తలుపు తీసింది. కండక్టరమ్మ ఆవిడని సీట్లో కూర్చోబెట్టి, చెంగు తలుపులో పడకుండా లోపలికి సర్ది, తలుపు వేసింది. కారు గేటు దాటి ఎడమకి తిరిగింది. ఆమె ఆసుపత్రి మెట్ల మీద కాసేపు కూర్చుంది. ఎదురుగా స్టాపులో బస్సులు వచ్చి ఆగుతున్నాయి, జనం ఎక్కుతున్నారు, బస్సులు పోతున్నాయి. ఊరు మళ్ళీ మామూలుగా ఉంది. సమ్మె సంగతి ఎవరూ ఎత్తడం లేదు.

నలభై ఒకటో నంబరులో ఎక్కేవాళ్ళంతా గోదాముల్లో పనిచేసేవాళ్ళు. పొద్దున చీకటితోనే ఎక్కి, అద్దాలకి తలలానించి నిద్రపోతారు. టిక్కెట్టంటే కళ్ళు తెరవకుండానే చెయ్యి చాపుతారు. ఆమె మొదటి రోజు “ముందుకు జరగండి” అని గట్టిగా అరిస్తే, నలుగురు ఉలిక్కిపడి లేచారు. మర్నాటి నుంచి గొంతు తగ్గించింది. ఎవరు ఎక్కడ దిగుతారో, ఎవరికి ఏ సీటో ఇంకా తెలియదు. పేర్లు పెట్టుకోవడానికి కూడా ముఖాలు కనిపించవు, అన్నీ మఫ్లర్లే.

రెండో వారంలో గానీ ఒక్కరూ ఆమెతో టిక్కెట్టు కాక మరో మాట మాట్లాడలేదు. ఆ మాట అన్నది మూడో వరసలో కూర్చునే ఒక పెద్దావిడ. “ఆ కిటికీ కాస్త వేస్తావా అమ్మా, చలిగా ఉంది” అంది.

ఆమె వెళ్ళి కిటికీ వేసింది. అది సగందాకా వచ్చి ఇరుక్కుపోతే, సంచీ భుజం మీదికి తోసుకుని, రెండు చేతులతో లాగి పూర్తిగా వేసింది.

“ఇప్పుడు రావటం లేదుగా గాలి?” అని అడిగింది.

పెద్దావిడ అప్పటికే నిద్రలో ఉంది.